సగం నడక వాచీ

మొన్న యానాం ప్రయాణానికి రైలు టిక్కెట్టు తీయించుకొని వస్తే, మా ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని, "18.40 అంటే ఎన్ని గంటలే?" అని అడిగారు. జీవితమంతా సర్కారు కొలువు చేసిన మనిషి, వేళ్ళ మీద పన్నెండు తీసేస్తూ తీసేస్తూ మధ్యలో దారి తప్పి మళ్ళీ మొదటికొచ్చారు. సాయంత్రం ఆరూ నలభై అని చెప్పాను. "ఆ మాటే అట్టే ఎయ్యకూడదా? పన్నెండుకు మించిన గంటలు ఎవురికి కావాల?" అని విసుక్కున్నారు. నేను నవ్వితే ఆయనకు ఇంకా కోపం వచ్చింది. ఆయన మీద నవ్వలేదు నేను. ఇదే మాట 2006లో పుదుచ్చేరి కోసపాళయంలో వాచీలు రిపేరు చేసే ఒకాయన నాతో అన్నాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు.

నేను ఖజానా లెక్కల విభాగంలో పనిచేసి 2002లో రిటైరయ్యాను. పుట్టిల్లు యానాం, మెట్టినిల్లు పుదుచ్చేరి, కాపురం నెల్లితోపులో. ఆఫీసు మానేశాక చేతికి కూడికలు లేక మొదటి రెండు నెలలూ కూరగాయల ధరలు కూడుకుంటూ గడిపాను. ఒక ఆదివారం, మా ఊరి పెద్దవీధిలో పేవ్‌మెంటు మీద పరిచే సంతలో, ఇత్తడి తలుపు గడియలకీ విరిగిన కళ్ళజోళ్ళకీ మధ్య ఒక మగవాళ్ళ చేతి వాచీ కనపడింది. డయలు మీద తిరగేసిన అక్షరాలేవో ఉన్నాయి. ఏ దేశానిది అంటే, అమ్మేవాడు తడుముకోకుండా ఫ్రెంచిది అన్నాడు. మా ఊళ్ళో చదవరాని అక్షరం ఏదైనా ఫ్రెంచే. ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూస్తే, ఆరు అంకెకు అటూ ఇటూ చీమ తలకాయంత అక్షరాల్లో అది సోవియట్ దేశంలో తయారైందని ఇంగ్లీషులో ఉంది. కీ ఇచ్చాను. ముల్లు కదిలింది. చెవి దగ్గర పెట్టుకుంటే పురుగు ఎండుటాకు కొరుకుతున్నట్టు నిబ్బరంగా చప్పుడు. రేడియో వార్తలకు ముందు వచ్చే పీప్ పీప్ శబ్దానికి సరిచేసి, మర్నాడు అదే వేళకు మళ్ళీ చూశాను. ఒక్క నిమిషం వెనక ఉంది. దుమ్ములో పడి ఉన్న పాత సరుకు, రోజుకు ఒక్క నిమిషం! ఆ పూట సంతోషంతో నాకు అన్నం సహించలేదు. మా ఆయన నాకు ఒంట్లో బాగాలేదనుకొని మిరియాల చారు పెట్టారు.

ఆ తర్వాత తెలిసింది, ఈ వాచీలు మా ప్రాంతానికి దారి తప్పి వచ్చినవి కావని. మాకు దగ్గరలోని నెయ్‌వేలిలో కరెంటు కేంద్రం కట్టడానికి అప్పట్లో రష్యా ఇంజనీర్లు వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నారు. పోతూ పోతూ తమతో పనిచేసినవాళ్ళకు చేతి వాచీ విప్పి ఇవ్వడం వాళ్ళలో చాలామందికి మామూలట. అవి తీసుకున్నవాళ్ళు రిటైరై ఇందిరా నగర్లోనూ మా నెల్లితోపులోనూ ఇళ్ళు కట్టుకున్నారు. బ్యాటరీ వాచీలు రాగానే రష్యావన్నీ బీరువా సొరుగుల్లోకి పోయాయి. నేను ఆ సొరుగుల వెంట పడ్డాను. పెళ్ళికి పిలిచినా, పరామర్శకు పోయినా, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "మీ ఇంట్లో పాత రష్యా వాచీ ఏమైనా ఉందా అండీ?" అని అడిగేదాన్ని. రష్యన్ చదవడం రాదు కాబట్టి వాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. బంగారు పూత అరిగినది అరిగిన దొర. ఈతగాళ్ళ కోసం చేసినది చేప. ఆ చేపకు కీ కాడ లాగితే వదులుగా ఊగుతుంది. విరిగిందనుకొని నేను గొడవ చేస్తే, నీళ్ళు చొరకుండా దాన్ని అలా ఊగేట్టే చేస్తారని అమ్మినాయన నవ్వాడు. అన్నిటికన్నా బాధ రంగులేసిన వాచీలను చూస్తే. రిపేరు షాపుల్లో పాత డయలు గీకేసి, మెరిసే నీలం పూసి, దాని మీద స్విట్జర్లాండు పేరు రాసి ఇస్తారు. ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ అది మర్యాద అనుకుంటారు.

2004లో ఇందిరా నగర్లో ఒక రిటైర్డు ఇంజనీరు గారు నాకొక వాచీ చూపించారు. అమ్మనని ముందే చెప్పి, చేతికి ఇవ్వకుండా తన అరచేతిలోనే పెట్టుకొని చూపించారు. దాని డయలు మీద ఇరవై నాలుగు అంకెలు. పైన ఇరవై నాలుగు, కింద పన్నెండు. గంటల ముల్లు రోజుకు ఒక్కటే చుట్టు. సూర్యుడు నెలల తరబడి ఉదయించని ధ్రువాల దగ్గర పనిచేసేవాళ్ళకు, పొద్దుటి ఆరో సాయంత్రం ఆరో తేడా తెలియడానికి చేశారట. షిఫ్టు పనివాళ్ళకూ బాగుండేదన్నారు. పన్నెండు తీసేయనక్కరలేదు, కలపనక్కరలేదు. ఇంత నిక్కచ్చి వస్తువు లోకంలో ఉందా అని నేను నిలువునా పొంగిపోయాను. ఆ రోజు నుంచి రెండేళ్ళు అలాంటి దాని కోసం నేను అడగని ఇల్లు లేదు. అడగనిది ఒక్కటే, మా వదినగారిల్లు. ఆ ఇంట్లో ఎవరి చేతికీ రష్యా వాచీ నేను చూడలేదు మరి.

వదిన అంటే మా ఆయన అక్కగారు. ఆమె భర్త నెయ్‌వేలిలో ఉద్యోగం చేసి 1998లో పోయారు. నెమ్మదైన మనిషి, నలుగురిలో ఎక్కువ మాట్లాడేవారు కారు. మా అత్తవారింట్లో ఆయనను ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. వెనకాల అందరూ 'ఆరుమణి మాపిళ్ళ' అనేవారు. వీళ్ళ తెలుగులో సగం అరవం. ఆ మాటకు ఆరుగంటల అల్లుడని అర్థం. నేను 1974లో కోడలిగా వచ్చేసరికే ఆ పేరు పాతబడింది. ఆయన రోజూ సాయంత్రం ఆరింటి బస్సుకు ఇల్లు చేరతారు కాబట్టి అలా అంటారని నాకు నేనే లెక్క తేల్చుకొని ఊరుకున్నాను.

2006 అక్టోబరులో, దీపావళికి వారం ముందు, వదిన పొద్దున్నే వచ్చింది. ఆమె కూతురికి ఆ ఏడే పెళ్ళయింది. అల్లుడికి తలదీపావళి, అంటే పెళ్ళయ్యాక మొదటి దీపావళి. అత్తవారింట్లో మర్యాదలన్నీ ఆ రోజే చూపించాలి. ఆ పిలుపులకే వచ్చింది. నేను వాచీలన్నీ తెల్ల తువ్వాలు మీద వరసగా పరిచి కీ ఇస్తున్నాను. ఆమె గడపలోనే నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందే యానాందానా, ఇన్ని వాచీలు పెట్టుకోనుండావు. కట్టుకొనేదానికి చేతులెన్ని ఉండాయి నీకు?"

"చేతులు రెండే వదినా. రోజులే చాలా ఉన్నాయి."

"పనిలేనోళ్ళకి ఒగ పని. మా ఇంట్లోనూ ఉండాదిలే ఒగటి, రష్యా దొర ఇచ్చింది. సుమ్మా పడుండాది కదా, మాపిళ్ళకి తలదీపావళికి ఇస్తామని నిన్న కోసపాళయంలో రిపేరుకిచ్చినా."

ఇడ్లీ పళ్ళెం దగ్గర్నుంచి మా ఆయన, "ఏంది అక్కా, ఆరుమణి మాపిళ్ళ వాచీనా?" అన్నారు. వదిన ముఖం ముడుచుకుపోయింది. "నోరు ముయ్యరా" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పేరుకూ ఆరింటి బస్సుకూ సంబంధం లేదని.

"దానికేం జబ్బు వదినా?" అన్నాను.

"సగం నడక. ఆయన పోయినాక ఒగసారి కీ ఇచ్చి గోడ గడియారం కింద పెట్టి చూస్తిని. నిమిషాల ముల్లు బాగానే పోతాది. గంటల ముల్లుండాదే, పగలంతా తిరిగినా సగం చుట్టే. సోమరిముండ."

పగలంతా సగం చుట్టు. రేయింబవళ్ళు కలిపితే ఒక చుట్టు. ఈ కూడికకు ఖజానా ఉద్యోగం అక్కరలేదు. నా చేతిలో ఉన్న చేప తువ్వాలు మీద పడిపోయింది. "అంకెలెన్ని ఉన్నాయి దాని మీద?" అన్నాను.

"ఎవురు లెక్కబెట్టినారు? బెల్లానికి చీమలు పట్టినట్టు చుట్టూరా ఉండాయి."

ఆమె మాట ముగియకముందే నేను చెప్పులేసుకున్నాను. "పొయ్యి మీద రెండో వాయి ఉండాదే!" అని మా ఆయన కేకేశారు. దించుకోమన్నాను. వదినను రెక్క పట్టుకొని ఆటో ఎక్కించాను. ఆమె, "యాడికే? నేనింకా కాఫీ తాగలే" అంటూనే ఎక్కింది.

దీపావళి కొనుగోళ్ళ జనంలో ఆటో నత్తలాగా పోయింది. నాకు ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకుతున్నట్టుంది. ఆ నత్తనడకలోనే, నేను గుచ్చి గుచ్చి అడగ్గా, వదిన తన నిశ్చితార్థం కథ చెప్పింది. అది 1971. తాంబూలాలు పుచ్చుకునే ముహూర్తం మిట్టమధ్యాహ్నం. మా మామగారు తోటలూ పొలాలూ ఉన్న మనిషి, చూపు మందగించినా కళ్ళద్దాలు పెట్టుకోవడం నామోషీ అనుకునేవారు. పెళ్ళికొడుకు చేతికి మెరిసే విదేశీ వాచీ చూసి టైమెంతని అడిగారట. ఆయన చెయ్యి చూసుకొని పన్నెండు అన్నారట. మామగారు ఆ చెయ్యి అందుకొని చూశారు. చిన్న ముల్లు కిందికీ పెద్ద ముల్లు పైకీ నిలువుగా నిలబడి ఉన్నాయి. ఆరు.

"చచ్చిన వాచీ కట్టుకోని నాకే టైము చెప్తాడా అని మా నాయన లేచి నిలబడినాడు. ఈయనేం చేసినాడు? వాచీ సరిగ్గానే ఉండాది మామా, మీరు చూసేదే సరిలేదు అనేసినాడు. కండ్లు కానరానోడితో అనే మాటనా అది? పెండ్లి నిలిచిపోయేదే. మా అమ్మ ఏడ్చి కాళ్ళు పట్టుకోని నడిపించె. ఆ పొద్దుట్నించి మా నాయనకీ మా అన్నకీ ఈయన ఆరుమణి మాపిళ్ళే. డంబానికి అబద్ధమాడినోడని పేరు."

"మీరెప్పుడూ అడగలేదా ఆయన్ని?"

"ఆ పొద్దే విప్పి బీరువాలో పెట్టేసినాడు. మీ నాయన అడిగితే చెప్తా అన్నాడు. మా నాయన అడగలే. నాకు అడగను సిగ్గు. మొగుడు అబద్ధమాడినాడని ఆయన నోటితోనే వినల్నా?" కాసేపు బయటికి చూసి, "అందుకే సరిచేసి ఇస్తామంటా ఉండా. నా కూతురి మొగుడు ఇంకో ఆరుమణి మాపిళ్ళ కాకూడదు" అంది.

వాచీని కళ్ళతో చూడకుండా నోరు జారడం నాకు చేతకాదు. ఆటో అబ్బాయిని మాత్రం ఇంకాస్త తొందరపెట్టాను.

షాపు మనిషి వెడల్పున్న గది. లోపల రిపేరు చేసే ఆయన, గుండ్రటి ముఖం, కంట్లో అద్దం, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. అరవంలోనే మాట్లాడాడు. నేను తెలుగులో రాస్తున్నాను. వాచీ విప్పేసి ఉంది! సాసరులో డయలు. నేను వంగి లెక్కపెట్టాను. ఒకటి నుంచి ఇరవై నాలుగు. అరిచాననుకుంటాను, ఎందుకంటే పక్క టైలరు షాపులో మిషను ఆగింది.

"రండమ్మా రండి, సగం పని అయిపోయింది" అన్నాడాయన ఉత్సాహంగా. "ఎవరో మతి లేనివాడు దీనికి తప్పు చక్రం వేశాడు. గంటల ముల్లు కుంటుతోంది. తీసేసి మంచిది వేశాను. ఈ డయలు కూడా మార్చేస్తా. నీలం వేయనా, బంగారు రంగు వేయనా?"

"ఏదీ వద్దు! ఇది ఇరవై నాలుగు గంటల వాచీ. దీన్ని చేయడమే ఇలా చేశారు."

"పన్నెండుకు మించిన గంటలు ఎవరికి కావాలమ్మా?" అని ఆయన హాయిగా నవ్వాడు. "ఇలాంటివి ఇదివరకు నాలుగైదు వచ్చాయి. అన్నీ సరిచేసే పంపాను."

నాలుగైదు! నేను రెండేళ్ళుగా ఊరంతా గాలిస్తున్నవి ఇక్కడికి వచ్చి బాగుపడి వెళ్ళిపోయాయన్న మాట. స్టూలు దొరికింది కాబట్టి కూర్చున్నాను, లేకపోతే నేల మీదే కూర్చునేదాన్ని. "తీసేసిన చక్రం ఎక్కడ?" అన్నాను. ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి చూపించాడు. నిండా ఆవాలు పోసినట్టు చక్రాలు. జీవితమంతా తీసేసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఎందుకు పారెయ్యలేదంటే, ఇత్తడి కదమ్మా అన్నాడు.

పేపరు పరిచి డబ్బా కుమ్మరించాం. ఎలా ఉంటుందంటే, పళ్ళు సన్నగా దట్టంగా ఉంటాయనీ, మధ్యలో గొట్టంలాగా పొడుగ్గా ఉంటుందనీ చెప్పాడు. నేను ఆయన భూతద్దంతో మూల నుంచి వరస వరసగా చూడటం మొదలుపెట్టాను, లెక్కల మనిషిని కాబట్టి. ఆయన పట్టకారుతో ఒక్కొక్కటీ ఎత్తి వాచీలో అమర్చి చూస్తున్నాడు. ఒకటి పట్టదు, ఇంకొకటి వదులు, మరొకటి అసలు తిరగదు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. నా మెడ పట్టేసింది. అంతసేపూ మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూస్తున్న వదిన చీర కొంగు బిగించి, "జరగండి. మీ ఇద్దురూ ఈ జన్మలో బియ్యమేరినట్టు లేదు" అని ముందుకొచ్చింది. అరచెయ్యి అడ్డంగా పెట్టి చక్రాలను పల్చగా ఒక్క ఈడ్పు ఈడ్చింది. తల వంచింది. వేలి కొనతో ఒకదాన్ని పక్కకు తోసింది. "ఇది ఈ బియ్యంలోది కాదు" అంది.

అదే! ఆయన బిగించి, ముళ్ళు పెట్టి, కీ కాడ లాగి తిప్పాడు. నిమిషాల ముల్లు చుట్టంతా తిరిగి వచ్చింది. గంటల ముల్లు ఒక్క అంకె నుంచి పక్క అంకెకు, చీమ నుంచి చీమకు, జరిగి ఆగింది. ఇరవై నాలుగులో ఒక భాగం, వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఆయన భుజం మీద చరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది కానీ అప్పుడు లేదు.

నా చేతి వాచీ చూసి దానికి టైము పెట్టమన్నాను. సరిగ్గా పన్నెండవుతోంది. చర్చి గంట కూడా మొదలైంది. ఆయన వాచీని వదిన చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి చాపి దూరంగా పెట్టుకొని చూసింది.

"చూడవే. మళ్ళా ఆరే. ఆ పొద్దూ ఇట్లే ఉండె. చిన్నది కిందికి, పెద్దది పైకి. ఇంత పాటు పడి ఏంది లాభం?"

నేను భూతద్దం ఆమె చేతికిచ్చాను. "కింద ముల్లు కొన ఏ అంకె మీద ఉందో చదవండి వదినా." వదినకు తెలుగు చదవడం రాదు, అరవం కొద్దిగా వచ్చు, అంకెలు మాత్రం బాగా వచ్చు. పెదవులు కదిలాయి. అద్దం దగ్గరికి, దూరానికి జరిపింది. పైన ఏముందని అడిగితే "ఇరవై నాలుగు" అంది. మళ్ళీ కిందికి వచ్చింది. ఈసారి గట్టిగా చదివింది. "పన్నెండు."

గంట ఆగింది. షాపాయన నమలడం ఆపేశాడు.

"అట్లయితే ఆయన చూసే చెప్పినాడు" అంది వదిన నెమ్మదిగా. తర్వాత నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. "చూసే చెప్పినాడే, యానాందానా! అబద్ధం కాదు. చూసే చెప్పినాడు!" నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, రెండూ ఒకేసారి వస్తున్నాయి. టైలరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

తిరుగు ఆటోలో ఆమె వాచీని గుప్పిట్లోనే ఉంచుకుంది. నేను వీధి వైపు చూడాలని ప్రయత్నించాను. కుదరలేదు.

"అట్ట చూడబాక. ఇది నీకియ్యను."

"నేను అడగలేదు కదా వదినా."

"నువ్వు అడగలే. నీ కండ్లడిగినాయి."

అల్లుడికి కొత్త బ్యాటరీ వాచీ కొన్నారు. దీపావళి రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లో అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. వదిన వడ్డించదు. పాయసం చల్లారిపోతోంది. పెద్ద ముల్లు పైకి వచ్చేదాకా ఆగి, మా బావగారి ముందుకు, అంటే ఆమె అన్నగారి ముందుకు వచ్చి చెయ్యి చాపింది. మణికట్టుకు మగవాళ్ళ వాచీ.

"టైమెంత అన్నా?"

ఆయన ఓరగా చూసి, "ఆరు" అని, వెంటనే పకపకా నవ్వారు. "ఓహో, ఆరుమణి మాపిళ్ళ వాచీ! ఇంకా సావలేదా ఇది?" వదిన ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి, విప్పి, తనే ఆయన చెవులకు తగిలించింది. "ఇప్పుడు చూడు. అంకె చదువు." ఆయన చదివారు. మళ్ళీ చదివారు. డయలు చుట్టూ వేలు తిప్పుతూ ఇరవై నాలుగు దాకా పోయారు.

"నాయన ఆ పొద్దు అద్దాలు పెట్టుకోలే" అన్నారు చివరికి.

"నువ్వు ముప్పై అయిదేండ్లుగా పెట్టుకోలే అన్నా."

బావగారు కళ్ళద్దాలు తీసి పంచె చెరగుతో చాలాసేపు తుడిచారు. "బావ ఒగసారన్నా చెప్పుంటే..." అన్నారు.

"అడిగితే చెప్తా అన్నాడు. ఎవురూ అడగలే. నేనూ అడగలే" అని వదిన పాయసం గిన్నె అందుకొని మొదట ఆయనకే వడ్డించింది. ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఎవరి నోటా ఆ పేరు వినపడలేదు.

వదిన ఇప్పటికీ ఆ వాచీ కట్టుకుంటుంది. ఊరి సొరుగుల్లోని మిగతా రష్యా వాచీలన్నిటికీ వారసురాలిని నేనే అయినా, అలాంటిది నాకు ఇంతవరకూ దొరకలేదు. వెతకడం మానలేదు. ఆమె కలిసినప్పుడల్లా అలవాటు కొద్దీ దాన్ని నా వాచీతో పోల్చి చూస్తాను. నాలుగైదు నిమిషాలు వెనక ఉంటుంది. చెప్పను. గడిచిపోయిన కాలాన్ని వెనక్కి తిప్పి సరిచేయడం ఎవరి వల్లా కాదు కానీ, దాన్ని ఏ అంకెల మీద చదవాలో తెలుసుకోవడానికి మాత్రం ఏ వయసులోనైనా వేళ మించిపోదని ఆ రోజు చూశాను.